పది గ్రాముల సీసం, పది మిల్లీమీటర్ల బ్యాటరీ: మోడల్ జెట్‌తో నా అనుభవం

రేడియో కంట్రోల్ జెట్ చూడగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఎంత వేగంగా పోతుందని. రెండోది దాని ధర. ఆ రెంటికీ జవాబు చెప్పడం తేలికే. కానీ జెట్ క్షేమంగా లేచి క్షేమంగా దిగుతుందా అన్నది మాత్రం మోటారును బట్టి తేలదు. ఇంట్లో బల్ల మీద తూకం వేసేటప్పుడే తేలిపోతుంది. ఆ తూకం నేను ఎలా కుదుర్చుకున్నానో, ఏయే లెక్కలు వేశానో రాస్తున్నాను. మొదటి జెట్ కట్టబోయేవారికి పనికొస్తే చాలు.

మాది గోపాలపట్నం. విశాఖ విమానాశ్రయం మాకు దగ్గరే, అది నౌకాదళం వారి ఐఎన్ఎస్ డేగా ఆవరణలోనే ఉంది. అందుకే మా డాబా మీదికి ప్రయాణికుల విమానాల చప్పుడుతోపాటు హాక్ శిక్షణ జెట్ల చప్పుడు కూడా వస్తుంటుంది. పొట్టి ముక్కు, రెండు సీట్ల గాజు గది, కిందికి వాలిన తోక రెక్కలు... ఆ ఆకారం అంటే నాకు ప్రాణం. ప్రొపెల్లర్ మోడళ్ల మీద చేయి బాగా కుదిరాక హాక్ మోడల్ తెప్పించుకున్నాను. ఇది కిరోసిన్‌తో నడిచే అసలు టర్బైన్ కాదు. బాడీ లోపల గొట్టంలో 70 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉంటుంది, దాన్ని ఎలక్ట్రిక్ మోటారు తిప్పుతుంది. బాడీ, రెక్కలు గట్టి ఫోమ్‌తో చేసినవి. చక్రాలు గాలిలో లోపలికి మడుచుకుంటాయి.

మా బాబాయి విమానాల మరమ్మతు పనిలో జీవితమంతా గడిపి రిటైరయ్యారు. డబ్బా విప్పుతున్నప్పుడు పక్కనే కూర్చుని, "అతికించే పని తర్వాత. ముందు ప్రతి ముక్కా తూచి రాసుకో" అన్నారు. పెద్ద విమానాల్లోనూ ఇదే పద్ధతి. ఏ బరువు ఎంత, అది ఎంత దూరంలో ఉంది అన్న లెక్క కాగితం మీద తేలాకే విమానం కదులుతుంది. వంటింటి డిజిటల్ తూకంతో పని మొదలుపెట్టాను. బ్యాటరీ 640 గ్రాములు తూగింది. మొత్తం విమానం 2090 గ్రాములు. అంటే బరువులో దాదాపు మూడో వంతు బ్యాటరీదే. ఈ సంగతి తర్వాత చాలా అక్కరకొచ్చింది.

సర్వోలంటే రెక్కలు, తోక మీది కదిలే పలకల్ని తిప్పే చిన్న మోటార్లు. వాటి పని ఓపికతో కూడుకున్నది గానీ కష్టమేమీ కాదు. రేడియో ఆన్ చేసి, ట్రిమ్‌లు (పలకల మధ్య స్థానాన్ని కొద్దికొద్దిగా జరిపే మీటలు) అన్నీ సున్నాలో పెట్టి, సర్వో మధ్య స్థానానికి వచ్చాకే దాని చేతిని బిగించాలి. ఆ చేయి పుష్‌రాడ్‌కు, అంటే పలకను కదిపే సన్న కడ్డీకి, లంబంగా ఉండాలి. తేడా ఉంటే రాడ్ చివరి కొక్కేన్ని (క్లెవిస్) తిప్పి రాడ్ పొడవు మార్చుకోవాలి తప్ప, రేడియోలో అంకెలు మార్చి సర్దేయకూడదు. అలా సర్దితే సర్వో ఒకవైపు ఎక్కువగా, ఇంకోవైపు తక్కువగా తిరుగుతుంది. మా ఊరి గాలిలో ఉప్పు ఎక్కువ కాబట్టి కనెక్టర్ పిన్నులన్నీ లెన్సుతో చూసి, పచ్చగా చిలుము పట్టినవి మార్చేశాను.

ఫ్యాన్ దగ్గర చాలా సమయం పెట్టాను. పెట్టి తీరాలి కూడా. ఈ ఫ్యాన్ పూర్తి థ్రాటిల్‌లో నిమిషానికి 40 వేల చుట్లకు దగ్గరగా తిరుగుతుంది. ఆ వేగంలో చిన్న తేడా ఎంత పని చేస్తుందో లెక్క కట్టి చూడండి. ఇరుసు నుంచి 20 మిల్లీమీటర్ల దూరంలో ఒకవైపు గ్రాములో పదో వంతు ఎక్కువ ఉందనుకుందాం. 40 వేల చుట్ల దగ్గర అది ఇరుసును లాగే బలం దాదాపు 35 న్యూటన్లు, అంటే మూడున్నర కిలోల బరువు వేలాడదీసినంత. ఆ లాగుడు చుట్టుచుట్టుకూ దిశ మారుతూ ఉంటుంది. బేరింగులు అరిగిపోతాయి, ఫోమ్‌లో మోటారు పట్టు వదులవుతుంది, విమానం కుదుపును పసిగట్టి సర్దే జైరో ఉంటే దాని బుర్ర తిరిగిపోతుంది.

రోటర్‌ను, అంటే ఫ్యాన్‌లో తిరిగే రెక్కల చక్రాన్ని, మోటారు నుంచి విప్పి, దాని రంధ్రంలో సరిగ్గా పట్టే నున్నటి ఉక్కు కడ్డీ దూర్చాను. సమమట్టంగా నిలబెట్టిన రెండు బ్లేడుల అంచుల మీద ఆ కడ్డీని ఆనించాను. బరువున్న వైపు మెల్లగా తిరిగి కిందికి వచ్చి ఆగుతుంది. ఫ్యాన్ గాలి కూడా తగలకుండా తలుపులు వేసి, ఏ రెక్క కిందికొస్తుందో స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టాను. చేత్తో పావు చుట్టు తిప్పి వదిలినా మళ్లీ అదే రెక్క కిందికి వచ్చింది. దానికి ఎదురుగా హబ్ లోపలి గోడకు గోరంత టేపు ముక్క అతికించాను. అది కొంచెం ఎక్కువైంది, కత్తెరతో సన్నగా కత్తిరిస్తూ పోయాను. ఎక్కడ వదిలితే అక్కడే నిలబడే దాకా వచ్చాక టేపు తీసి, దాని బరువుకు సరిపడా ఎపాక్సీ జిగురు చుక్క అక్కడే పెట్టి ఆరనిచ్చాను. రెక్కల్ని మాత్రం గీకలేదు. వాటి అంచు ఆకారం చెడితే గాలి కోత మారిపోతుంది, పైగా అంత వేగంలో బలహీనపడ్డ రెక్క విరిగి తుపాకీ గుండులా పోతుంది.

బిగించాక కళ్లద్దాలు పెట్టుకుని, ఫ్యాన్ తిరిగే తలానికి పక్కకు తప్పుకుని థ్రాటిల్ పెంచాను. అంతకుముందు సగం దాటగానే బాడీ అంతా గరగరమనేది, బల్ల మీద స్క్రూలు చిన్నగా ఆడేవి. ఇప్పుడు అదే చోట సన్నటి ఈల ఒక్కటే వినిపించింది. బాబాయి వేలి కొనను ముక్కు మీద ఆనించి, తలూపారు.

ఇక గరిమనాభి, అంటే విమానం బరువంతా సమంగా తూగే బిందువు. మేమందరం రోజూ అనే మాట సీజీ. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో రెక్క మొదట్లో ముందు అంచు నుంచి 135 మిల్లీమీటర్లు వెనక్కి అని ఉంది. పుస్తకాన్ని నమ్మొచ్చు, కానీ సొంతంగా లెక్క చూసుకున్నాకే నమ్మాలన్నది నా పట్టు. రెక్క మొదట్లో వెడల్పు 260 మిల్లీమీటర్లు, కొన దగ్గర 130. ఒక పక్క రెక్క పొడవు 450. కొన దగ్గర ముందు అంచు 180 మిల్లీమీటర్లు వెనక్కి వాలి ఉంది. వాలు రెక్క కాబట్టి మొదటి వెడల్పులో పావు వంతు అని గుడ్డిగా తీసుకోవడానికి వీల్లేదు. సగటు వెడల్పు లెక్క కట్టాలి. కొన వెడల్పును మొదటి వెడల్పుతో భాగిస్తే అర. ఆ నిష్పత్తితో సూత్రం ప్రకారం సగటు వెడల్పు 202 మిల్లీమీటర్లు వస్తుంది, అది మధ్య గీత నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో పడుతుంది. అక్కడికి ముందు అంచు 80 మిల్లీమీటర్లు వెనక్కి జరిగి ఉంటుంది. దానికి 202లో పావు వంతు కలిపితే 130, ముప్ఫై శాతం కలిపితే 141. సీజీ ఈ రెంటి నడుమ ఉండాలి, పుస్తకంలోని 135 అక్కడే ఉంది. మనసు కుదుటపడింది.

ముక్కు బరువైతే విమానం మొండికేస్తుంది. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ఎంత లాగినా ముక్కు లేవనంటుంది, దిగేటప్పుడు వేగం తగ్గించనివ్వదు. తోక బరువైతే అంతకన్నా ప్రమాదం. స్టిక్ కాస్త తాకితే చాలు ఎగిరి దూకుతుంది, వేగం తగ్గగానే ఒక పక్కకు ఒరిగి పడిపోతుంది. జెట్ మోడల్‌లో ఇంకో చిక్కు ఉంది. ప్రొపెల్లర్ విమానంలో ప్రొపెల్లర్ గాలి తోక మీదుగా పోతుంది కాబట్టి, వేగం తక్కువైనా థ్రాటిల్ పెంచితే ఎలివేటర్‌కు పట్టు దొరుకుతుంది. ఇక్కడ గాలి అంతా గొట్టంలోంచి పోయి వెనక బయటపడుతుంది. తోకకు విమానం వేగం తప్ప వేరే ఆధారం లేదు. అందుకే తూకంలో ప్రొపెల్లర్ మోడల్ క్షమించినంతగా జెట్ క్షమించదు.

రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తి చూడటం చాలామంది చేసే పని. రెండు కిలోల వాలు రెక్క జెట్‌కు అది సరిపోదు. చేయి ఐదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా తెలియదు. ప్లైవుడ్‌తో రెండు నిలువు కాళ్ల స్టాండు చేసి, వాటి తలల మీద గుండ్రటి రబ్బరు ముక్కలు అతికించాను. హాక్‌కు రెక్క బాడీకి కింది భాగంలో ఉంటుంది, కాబట్టి విమానాన్ని తిరగేసి పెట్టి చూడాలి. నిలువుగా పెడితే బరువంతా ఆనుపుకు పైన ఉండి, కాస్త కదిలితే చాలు ఒక పక్కకు వాలిపోతుంది, తూకం తేలదు. చక్రాలు మడిచి, బ్యాటరీ, గాజు గది, పైలెట్ బొమ్మలతో సహా అన్నీ ఎగిరేటప్పుడు ఎలా ఉంటాయో అలాగే పెట్టాలి. నా మోడల్‌లో ముక్కు చక్రం ముందుకు మడుచుకుంటుంది. దాని వల్ల సీజీ జరిగేది ఒక్క మిల్లీమీటరే. ప్రధాన చక్రాలు లోపలికి అడ్డంగా మడుచుకుంటాయి కనుక వాటితో ముందూ వెనకా తేడా రాదు.

తోక వాలింది. రబ్బరు ముక్కల్ని వెనక్కి జరుపుతూ పోతే 143 దగ్గర నిలబడింది. ఎనిమిది మిల్లీమీటర్లు వెనక. కారణం ఊహించినదే. తోకలో ప్లాస్టిక్ పళ్ల సర్వోల బదులు లోహపు పళ్లవి పెట్టించాను, వాటికి పొడవాటి వైర్లు, పైన రంగు. తోక సీజీకి చాలా దూరం కాబట్టి అక్కడ పెట్టిన ప్రతి గ్రామూ ఎక్కువ లాగుతుంది. కావడి బద్దకు ఒక చివర చెంబు తగిలించినా భుజం సర్దుకోవాల్సిందే కదా.

"సీసం తెమ్మంటారా?" అని అడిగాను.

"ఉండు. కదిలించగలిగినవి ముందు కదిలించు. సీసం పెడితే ఆ విమానం ఎగిరినన్నాళ్లూ దాన్ని మోయాలి" అన్నారు బాబాయి.

లెక్క సులువే. 2090 గ్రాములను ఎనిమిది మిల్లీమీటర్లు ముందుకు తేవాలి, అంటే 16,720. దీన్ని బ్యాటరీ బరువు 640తో భాగిస్తే 26 మిల్లీమీటర్లు. బ్యాటరీని అంత ముందుకు జరిపితే ఒక్క గ్రాము కలపకుండానే పని అయిపోతుంది. అదే ముక్కు కొన దగ్గర, సీజీ నుంచి 400 మిల్లీమీటర్ల దూరంలో సీసం పెడితే 42 గ్రాములు కావాలి. బ్యాటరీ పెట్టే అరకు ముందు గోడను చాకుతో జాగ్రత్తగా చెక్కితే 20 మిల్లీమీటర్లు దొరికింది. ఆ పైన ముక్కు చక్రం మోటారు అడ్డం. మిగిలిన తేడాకు 10 గ్రాముల సీసం సరిపోతుంది.

సీసం కోసం ఫిషింగ్ హార్బర్ దగ్గర వలల సామాను అమ్మే కొట్టుకు వెళ్లాను. వల అంచుకు కట్టే సీసపు ముక్కలు అక్కడ చవగ్గా దొరుకుతాయి, సుత్తితో కొడితే ఏ ఆకారానికైనా సాగుతాయి. ఒకదాన్ని పలకలా సాగగొట్టి, కత్తిరించి, తూచి పది గ్రాములకు తెచ్చి ముక్కు లోపలి గోడకు ఎపాక్సీతో అతికించాను. జిగురు బరువు కూడా ఆ పదిలోదే. సీసం ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ముక్కలు పిల్లలకు దొరకనివ్వకూడదు. మళ్లీ స్టాండు మీద పెడితే 135 దగ్గర ముక్కు, తోక రెండూ సమంగా నిలిచాయి.

అడ్డంగా కూడా తూకం చూడాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు, అది సరి కాదు. ఒక రెక్క బరువుగా ఉంటే మామూలుగా ఎగిరేటప్పుడు ఐలరాన్ (విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క పలక) ట్రిమ్ దాన్ని కప్పిపుచ్చుతుంది. వేగం తగ్గి దిగే క్షణంలో మాత్రం ఆ రెక్కే ముందు వాలుతుంది. చక్రాలు దించి, మూడు చక్రాల కింద మూడు తూకాలు పెట్టి, బాడీ సమమట్టంగా ఉందో లేదో లెవెల్‌తో సరిచూసుకున్నాను. ముక్కు చక్రం మీద 250, ఎడమ చక్రం మీద 935, కుడి చక్రం మీద 915 గ్రాములు. ఎడమ, కుడి చక్రాల నడుమ దూరం 200 మిల్లీమీటర్లు. 20 గ్రాముల తేడాను సగం దూరం వందతో హెచ్చిస్తే 2000. రెక్క కొన 450 మిల్లీమీటర్ల దూరంలో ఉంది కనుక కుడి కొనలో నాలుగున్నర గ్రాములు చాలు. ఆ ముక్కను రెక్క కొన లోపల చిన్న గాటు పెట్టి దాచాను.

ఈ అంకెలతోనే సీజీని ఇంకోసారి సరిచూసుకోవచ్చు. ముక్కు చక్రానికీ ప్రధాన చక్రాలకూ మధ్య దూరం 380. దాన్ని 250తో హెచ్చించి మొత్తం 2100తో భాగిస్తే 45. అంటే ప్రధాన చక్రాలకు 45 మిల్లీమీటర్లు ముందు సీజీ ఉంది. టేపు పెట్టి కొలిస్తే స్టాండు చెప్పిన చోటే పడింది. రెండు వేర్వేరు పద్ధతులు ఒకే మాట చెప్పినప్పుడు కలిగే ధీమా వేరు.

ఇక రేడియో. ఎలివేటర్, ఐలరాన్‌లకు మొదట 12 మిల్లీమీటర్ల కదలిక పెట్టాను, స్విచ్ వేస్తే 16. స్టిక్ మధ్యలో మెత్తగా ఉండటానికి 30 శాతం ఎక్స్‌పో. వెనక నిలబడి చూస్తే, స్టిక్ కుడికి తిప్పినప్పుడు కుడి ఐలరాన్ పైకి లేవాలి. సిగ్నల్ తెగితే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూసి నిర్ధారించుకున్నాను. ఈ పరీక్ష చేసేటప్పుడు విమానాన్ని ఎవరైనా గట్టిగా పట్టుకోవాలి.

జైరో గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఇప్పుడు రిసీవర్‌లోనే జైరో వస్తోంది. గాలి కుదుపుల్ని సర్దడంలో అది మంచి తోడు. కానీ తూకం తప్పిన విమానాన్ని జైరోతో ఎగరేయడం అంటే జ్వరాన్ని మాత్రతో అణిచి రోగం చూడకపోవడమే. అది సెకనుకు ఎన్నోసార్లు ఎలివేటర్‌ను సర్దుతూ తోక బరువును మన కంట పడనివ్వదు. వేగం తగ్గి ఎలివేటర్‌కు గాలి చాలనప్పుడు ఆ దాచిన తప్పంతా ఒక్కసారిగా బయటపడుతుంది. కాబట్టి తూకం తేలేదాకా జైరో ఆపే ఉంచాలి. తర్వాత వేసుకునేటప్పుడు కూడా దిశ చూడాలి. విమానాన్ని చేత్తో కుడికి వంచితే కుడి ఐలరాన్ కిందికి దిగాలి, ముక్కు ఎత్తితే ఎలివేటర్ కిందికి వంగాలి. తిరగబడితే లేచిన క్షణంలోనే విమానం పోయినట్టు.

మా ఇంటి దగ్గర ఎగరేసే ప్రశ్నే లేదు. ఒకవైపు విమానాశ్రయం, చుట్టూ నౌకాదళ స్థావరాలు. 2021 డ్రోన్ నియమాలు మోడల్ విమానాలకూ వర్తిస్తాయి. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆకుపచ్చగా ఉన్న చోట 400 అడుగుల లోపు, కంటికి కనిపించే దూరంలోనే ఎగరేయాలి. సబ్బవరం దాటి చోడవరం వైపు వెళ్తే ఇళ్లు ఇంకా రాని లేఅవుట్లు ఉన్నాయి. మ్యాప్ చూసుకుని, యజమాని అనుమతి తీసుకుని, అలాంటి ఒకచోట తారు రోడ్డును రన్‌వే చేసుకున్నాం. వేకువనే బయలుదేరాం. ఎండెక్కితే సముద్రపు గాలి మొదలవుతుంది, పైగా ఎండలో నిలిపిన కారు డిక్కీలో ఫోమ్ రెక్క వంకర పోతుంది. రెక్క మెలి తిరిగాక ఎంత తూచినా లాభం లేదు.

రోడ్డు మీద రాళ్లు ఊడ్చాం. ఫ్యాన్ నోటికి చిన్న గులకరాయి అందినా రోటర్ దక్కదు. గాలికి ఎదురు తిప్పి థ్రాటిల్ నెమ్మదిగా పెంచాను. జెట్ వెంటనే దూకదు, వేగం కూడగట్టుకునే దాకా ఓపిక పట్టాలి. నలభై మీటర్లు పరిగెత్తాక ఎలివేటర్ కొంచెం లాగితే ముక్కు తేలిగ్గా లేచింది. చక్రాలు మడిచాను. రెండు క్లిక్కులు కుడి ఐలరాన్ ట్రిమ్ తప్ప ఇంకేమీ అడగలేదు. నా గుండె చప్పుడు నాకే వినిపించింది, బాబాయి మాత్రం పక్కన నిలబడి టైమర్ చూస్తూ ఉన్నారు.

తర్వాత డైవ్ పరీక్ష. సగం థ్రాటిల్‌లో సమంగా ఎగిరేలా ట్రిమ్ చేసి, ఎత్తులో ముక్కు కొంచెం వంచి, థ్రాటిల్ మార్చకుండా స్టిక్ వదిలేయాలి. విమానం తనంతట తాను గబగబా పైకి లేస్తే ముక్కు బరువు. ఇంకా కిందికి ముడుచుకుపోతే తోక బరువు, వెంటనే లాగి దించేయాలి. దాదాపు అదే గీతలో సాగి, మెల్లగా పైకి వస్తే తూకం కుదిరినట్టు. మాది కాస్త గట్టిగానే లేచింది. తలకిందులుగా ఎగరేసినప్పుడు కూడా స్టిక్‌ను బాగా ముందుకు నొక్కి పట్టాల్సి వచ్చింది. రెండూ ముక్కు బరువనే చెప్పాయి. బ్యాటరీని పది మిల్లీమీటర్లు వెనక్కి జరిపాను. 640ని పదితో హెచ్చించి 2100తో భాగిస్తే సీజీ మూడు మిల్లీమీటర్లు వెనక్కి వచ్చి 138 అయింది. ఈసారి డైవ్ నుంచి విమానం హుందాగా బయటికొచ్చింది, దిగేటప్పుడు ముక్కు ఎత్తి పట్టి ప్రధాన చక్రాల మీదే ఆనించగలిగాను. అంతకన్నా వెనక్కి జరపలేదు. ముప్ఫై శాతం గీత 141 దగ్గరే ఉంది, ఆ మిగిలిన కొద్దిపాటి జాగా నాకు భద్రత.

సగటున 50 ఆంపియర్లు లాగుతుంది కనుక 4000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఎనభై శాతం నాలుగు నిమిషాల లోపే అయిపోతుంది. అందుకే టైమర్ మూడు నిమిషాలకే పెట్టాను, దిగడం కుదరక ఇంకో చుట్టు తిరగాల్సి వచ్చినా సరిపోతుంది. ఇంటికొచ్చాక బ్యాటరీలను సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి భద్రపరిచాను. బ్యాటరీ అరలో దాని ముందు అంచు ఆనే చోట గీత గీసి, పక్కనే బరువు, సీజీ, తేదీ రాశాను. వేరే బ్యాటరీ కొన్నప్పుడల్లా దాన్ని తూచి, ఆ గీత నుంచి ఎంత జరపాలో లెక్క కట్టాకే విమానంలో పెడుతున్నాను.